పదిహేడో గుంజ

జూలై 4, గురువారం

దూరం తొమ్మిది వందల ఇరవై మీటర్లు. కన్వర్టర్ చిన్నది ఒక్కటే. గాలి మామూలు.

ఆఫీసు పుస్తకంలో ఇంతవరకే రాయాలి. ఆ పైన ఏం రాసినా పై అధికారి జోగారావు గారు ఎర్ర సిరాతో కొట్టేసి పంపిస్తారు. అందుకే ఈ రెండో పుస్తకం పెట్టుకున్నాను. ఇది నాది, అట్ట మీద రత్తం అని నా పేరే రాసుకున్నాను, ఇందులో నా ఇష్టం.

ఈ రోజు నలభై ఒక్కరిలో ముప్పై ఎనిమిది మందిని పోలిక పెట్టె గుర్తు పట్టింది. 6, 30 నంబర్ల దగ్గర పైట ఎగిరి ముఖం మీద పడింది. 17 కదిలింది. 17 ఎప్పుడూ కదుల్తుంది. 17 మా అప్ప అసిరమ్మ, నా సొంత అక్క.

మచ్చజ్వరం వచ్చినవాళ్ళని దిబ్బ మీదికి తీసుకెళ్ళి మూడేళ్ళు దాటింది. కొండ మీద నా గది, ఎదురుగా సముద్రం, అవతల ఇసుక దిబ్బ. దిబ్బ మీద నలభై ఒక్క గుంజలు వరసగా పాతి ఉంటాయి. గురువారం సాయంత్రం నాలుగున్నరకి, ఎండ నా వీపు వెనకనుంచి వాళ్ళ ముఖాల మీద పడే వేళకి, నేను జెండా ఎత్తుతాను. ఎవరి గుంజ దగ్గర వాళ్ళు నిలబడతారు. ఒక్కొక్క ముఖమే తీసుకుంటూ పోతాను. పెట్టె ఆ ముఖాన్ని పాత ఫొటోతో పోల్చి నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. యాభై దాటితే మనిషి ఉన్నట్టు. వరసగా మూడు గురువారాలు దాటకపోతే పేరు కొట్టేస్తారు. బతికి ఉండి చెయ్యి ఊపుతున్నా సరే, పెట్టెకి తెలియకపోతే లేనట్టే. దిబ్బ మొత్తం మీద ముప్పై పేర్ల కంటే తగ్గితే తెప్ప ఆపేసి తాడు కోసేస్తారు. ఆ తాడు మీదే సోమవారం సోమవారం బియ్యం, పిండి, మంచినీళ్ళు వెళ్తాయి. తిరిగొచ్చేది ఖాళీ తెప్ప ఒక్కటే.

మా అప్పకి ఇదంతా తెలుసు. తెలిసి కూడా సరిగ్గా నేను నొక్కే వేళకి పక్కనున్న 18తో ఏదో చెప్పాలి దానికి. ఒళ్ళు మండిపోతుంది నాకు. ఎదురుగా ఉంటే జుట్టు పట్టుకుని గుంజకి కట్టేద్దును.

జూలై 18, గురువారం

సముద్రం దిబ్బ ఇవతలి అంచుని కొరికేసింది. గుంజలన్నీ పీకి వెనక్కి పాతుకున్నారు. దూరం పదకొండు వందల ఎనభై. చిన్న కన్వర్టర్ తీసి పెద్దది పెట్టాను.

కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగించే గాజు డబ్బా ఈ కన్వర్టర్. కొత్తగా చూసేవాళ్ళు దాంతో దూరం దగ్గరవుతుందనుకుంటారు. అదేం కాదు. లెన్సు తెచ్చిన బొమ్మలో నడిమి ముక్కని పట్టుకుని సాగదీస్తుంది, అంతే. పూరీ ఒత్తినట్టే. పెద్దదవుతుంది, పల్చబడుతుంది. లెన్సులో ఏ చిన్న లోపమున్నా అదీ పెద్దదవుతుంది. చిన్న కన్వర్టర్ సగం వెలుతురు తినేస్తుంది. పెద్దది మూడొంతులు తిని ఒక వంతు మిగులుస్తుంది.

ఈసారి గుర్తు పట్టనివాళ్ళు తొమ్మిది మంది. ఇదివరకు ముగ్గురు మించితే గొప్ప.

ఇంకా పొడుగు లెన్సు కావాలని తంతి కొట్టాను. జోగారావు గారి జవాబు గంటలో వచ్చింది: "లెన్సు లేదు. ఉన్నవాటితో సర్దుకోండి." ఈ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి సర్దుకుంటూనే ఉన్నాను, ఆయన చెప్పాలా?

జూలై 25, గురువారం

దూరం పదమూడు వందలు. ఇక చేసేదేమీ లేక రెండు కన్వర్టర్లూ ఒకదాని వెనక ఒకటి బిగించాను. లెన్సులోకి వచ్చిన వెలుతురులో ఎనిమిదో వంతే కెమెరాకి దక్కుతోంది. ఉప్పు మసక కొయ్యడానికి ముందు ఎర్ర గాజు ఎలాగూ ఉంది, అది తినేది అది తింటోంది. కన్ను పెట్టి చూస్తే లోపల చీకటి తప్ప ఏమీ లేదు. గుంజల వరుస మీద అంచనా కట్టి కెమెరా తిప్పుకుంటూ పోవడమే. ఒక్కొక్క ముఖానికి రెండు సెకన్లు తెరిచి ఉంచాలి.

రెండు సెకన్లు అంటే తక్కువేం కాదు. ఊపిరి తీసుకున్నా ముఖం చెదురుతుంది.

గుర్తు పట్టనివాళ్ళు పద్నాలుగు మంది. మా అప్పకి యాభై ఒకటి, అంచున గట్టెక్కింది.

అందుకని ఒక పని చేశాను. పిండి బస్తాల గుడ్డ చించి, జూన్‌లో బాగా వచ్చిన ముఖాలన్నీ దాని మీద అచ్చు వేశాను. ఎవరి ముఖం వాళ్ళకి, ఉన్నంత సైజులో. మన కెమెరాలో రంగు ఎప్పుడో తీసేశారు కదా, అన్నీ నలుపూ తెలుపే. గుడ్డ కింద రాశాను: "ఇలా నిలబడితే వస్తుంది. గడ్డం పైకెత్తండి. గుంజ పక్కన గుంజలా నిలబడండి. కదలొద్దు." సోమవారం తెప్పలో పంపిస్తాను. వాళ్ళు మనకి రాసి చూపించకూడదు, పలక పట్టుకుంటే వారం తిండి ఆపేస్తారు. మనం రాయడం మాత్రం పాఠం కింద లెక్క.

మా అప్పవి జూన్‌లో నాలుగు ఫొటోలుంటే మూడు చెదిరిపోయాయి. మూడో వారానిది ఒక్కటే పనికొచ్చింది. అందులోనూ నోరు సగం తెరిచే ఉంది, ఎడం పక్క కొప్పు జారి భుజం మీదికొచ్చింది. దాన్నే అచ్చు వేశాను.

ఆగస్టు 8, గురువారం

పాఠం కొంత పనిచేసింది. గుర్తు పట్టనివాళ్ళు ఆరుగురే.

కానీ మా అప్ప పోయిన వారం తప్పింది, ఈ వారమూ తప్పింది. నలభై ఏడు, నలభై ఒకటి. ఇంకొక్కటి తప్పితే పేరు కొట్టేస్తారు. ఈ మూడేళ్ళలో నేనే నా చేత్తో పదకొండు పేర్లు కొట్టాను. దాని పేరు కొట్టమంటే ఈ చెయ్యి కదలదు.

ఆగస్టు 11, ఆదివారం

ఎల్లాజీ బావ వచ్చాడు. మా అప్ప మొగుడు. కొండ కింద శాలలో పడవలకి చెక్క పని చేస్తాడు. ప్రతి ఆదివారం మెట్లెక్కి వచ్చి, ఆ వారం ఫొటో తీసుకుని, చొక్కా లోపల పెట్టుకుని దిగిపోతాడు. ఈసారి ఫొటో ఇస్తూ బావని బాగా కడిగేశాను.

"మీ ఆవిడకి ప్రాణం మీద తీపి లేదు బావా. రెండు సెకన్లు! రెండంటే రెండు సెకన్లు నిలబడలేదా?"

బావ చెదిరిపోయిన ఆ ఫొటో చూసి నవ్వాడు.

"దాన్ని కదలొద్దంటే అయ్యీ పనేనేటి? నా పెళ్ళిలో పంతులు పీట మీద పదిసార్లు మళ్ళీ కూకోబెట్టినాడు దాన్ని. నీకు గేపకం నేదేటి?"

"నవ్వకు. ఈసారి తప్పితే నువ్వు కొట్టు పేరు."

అప్పుడు నవ్వు ఆపాడు.

ఆగస్టు 15, గురువారం

డెబ్బై ఎనిమిది!

మూడుసార్లు పెట్టెలో వేసి చూశాను. డెబ్బై ఎనిమిది, డెబ్బై తొమ్మిది, డెబ్బై ఎనిమిది. మా అప్ప నిలబడింది! గడ్డం ఎత్తి, రెండు సెకన్లూ రాయిలా నిలబడింది. ఇన్నాళ్ళకి నా మాట చెవిన పెట్టింది. ముఖం ఎంత తేటగా ఉందంటే పెదవి మీది గీత కూడా తెలుస్తోంది.

ఆదివారం దాకా ఆగలేకపోయాను. లెన్సుకి మూత కూడా పెట్టకుండా ఫొటో పట్టుకుని నూట అరవై మెట్లూ దిగి శాలకి పరిగెత్తాను. బావ చెక్క చెక్కే బాడిస పక్కన పెట్టి, చేతులు పంచెకి తుడుచుకుని, ఫొటో తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"బాగా వొచ్చింది," అన్నాడు.

అంతే. శాల వెనక్కి వెళ్ళిపోయాడు. ఉప్పుగాలిలో రెండు కన్వర్టర్లు పెట్టి ఇలాంటి ఫొటో తియ్యడమంటే ఏమిటో చెక్క పనివాడికి ఏం తెలుస్తుందిలే అనుకుని వచ్చేశాను. కాస్త మనసు చిన్నబుచ్చుకున్న మాట నిజం.

సెప్టెంబరు 19, గురువారం

దూరం పద్నాలుగు వందల యాభై. దూరం పెరుగుతోంది, మార్కులూ పెరుగుతున్నాయి. ఎక్కడైనా ఉందా ఇలాంటిది? గుర్తు పట్టనివారు ఇద్దరు. అప్పకి ఎనభై ఒకటి.

ఇంకో సంగతి. ఇదివరకు జెండా ఎత్తాక పావుగంటకి గానీ వరస కుదిరేది కాదు. ఇప్పుడు నేను బైటికొచ్చి చూసేసరికే సగం గుంజల దగ్గర చుక్కలు నిలబడి ఉంటున్నాయి. క్రమశిక్షణ అంటే ఇది. ముసలివాళ్ళు కూడా ముందే వచ్చి నిలబడుతున్నారు పాపం.

ఆఫీసుకి వివరంగా ఒక నివేదిక రాశాను. కన్వర్టర్లు రెండూ ఎలా బిగించాను, గుడ్డ మీద అచ్చు వేసి పాఠం ఎలా చెప్పాను, మార్కులు ఎలా పెరిగాయి, అన్నీ. మిగతా కొండల వాళ్ళకి పనికొస్తుందని రాశాను. నాకో మెప్పు మాట వస్తే బాగుండునని కూడా ఉంది, ఎందుకు దాచడం?

నవంబరు 14, గురువారం

దూరం పదహారు వందలు. గుర్తు పట్టనివారు: లేరు. నలభై ఒక్కరికి నలభై ఒక్కరు.

తంతి వచ్చింది. జోగారావు గారు ఇరవై ఎనిమిదో తేదీ గురువారం స్వయంగా వస్తున్నారట. నా పద్ధతి కళ్ళారా చూసి మిగతా కొండలన్నిటికీ నేర్పిస్తారట. "మీ శ్రద్ధ అభినందనీయం" అని చివర్లో ఉంది. ఆ ముక్క కోసి గోడకి అంటించాను.

నవంబరు 21, గురువారం

తుపాను నిన్న పొద్దుటికి దాటిపోయింది. గాలి కడిగేసినట్టుంది. ఉప్పు మసక లేదు, తెర లేదు. ఈ కొండ మీదినుంచి అంత తేటగా దిబ్బ కనిపించడం ఎప్పుడూ లేదు. ఇలాంటి రోజు రెండు కన్వర్టర్లెందుకు, ఒక్కటీ లేకుండానే తీసి చూద్దామని బుద్ధి పుట్టింది. ముఖం చిన్నగా వస్తుంది, పెట్టెకి పనికిరాదు. కానీ పల్చబడకుండా ఉన్నదున్నట్టు వస్తుంది. ఆఫీసు ఫొటోలు అయ్యాక రెండూ విప్పేసి, ఎర్ర గాజు కూడా తీసేసి, వరసంతా మళ్ళీ తీశాను. నా సరదాకి.

అచ్చు వేసి బల్ల మీద పరిచాను. భూతద్దం పెట్టి 17 చూశాను.

ఏదో తేడాగా ఉంది. ముక్కు నీడ.

నవంబరులో పొద్దు దక్షిణానికి జరిగి దిగుతుంది. ఎదురుగా నిలబడ్డ మనిషికి ఎడం చెంప మీద ఎండ, కుడి పక్క ముక్కు నీడ పడాలి. 16 కి అలాగే ఉంది. 18 కి అలాగే ఉంది. మా అప్ప ముక్కు నీడ ఎడం పక్కన ఉంది. జూన్ నెల ఎండ అది.

భూతద్దం ఇంకా దగ్గర పెట్టాను. మెడ లేదు. గడ్డం కింద గుడ్డ అంచు మడత పడి ఉంది. చీర మా అప్పదే. చీర లోపల గుంజ.

నోరు సగం తెరిచే ఉంది. ఆగస్టునుంచి ప్రతి వారం ఫొటోలూ తీసి వరసగా పెట్టాను. అదే నోరు, అదే కొప్పు, అదే జారడం. మూడు నెలలుగా మా అప్ప ఒకే మాట మధ్యలో ఆగి ఉంది, నేను దానికి ఎనభై మార్కులు వేస్తున్నాను.

మిగతావి కూడా చూశాను. భూతద్దం రెండు చేతులా పట్టుకుని చూశాను. నీడ తప్పు పక్కన పడ్డవి పంతొమ్మిది. బతికి ఉన్నది ఇరవై ఇద్దరు.

గుంజలా నిలబడమని రాసి పంపింది నేను. ముఖాలు అచ్చు వేసి పంపింది కూడా నేనే.

నవంబరు 22, శుక్రవారం

ఏడ్చాను. పొద్దున్నే లేచి లెన్సు తుడుస్తూ ఏడ్చాను, అన్నం వండుకుంటూ ఏడ్చాను. తినకుండా కాకులకి పెట్టేశాను. అప్పకి పెట్టినట్టు అనుకున్నాను. ఏ రోజు పోయిందో కూడా తెలియదు. ఆగస్టు ఎనిమిదికీ పదిహేనుకీ మధ్య.

నేను దాన్ని చివరిసారి తిట్టాను. అది ఆఖరి రెండు ఫొటోల్లోనూ కదిలిందంటే ఒళ్ళు కాలిపోతూ నిలబడలేక కదిలిందేమో. నేను దానికి నలభై ఒకటి అని రాసి, పక్కన "అశ్రద్ధ" అని కూడా రాశాను.

సాయంత్రానికి బుర్ర పనిచేసింది. అప్ప సంగతి అలా ఉంచితే, ఇరవై రెండు ముప్పై కంటే తక్కువ. ఆఫీసుకి తెలిస్తే తాడు కోసేస్తారు. ఆ ఇరవై రెండుమందీ ఆ పంతొమ్మిది మందిని ప్రతి గురువారం చీర కట్టి, పంచె కట్టి, నిలబెట్టి, తమ తిండి వాళ్ళ చేత తెప్పిస్తున్నారు. నా పెట్టెని మోసం చేశారని కోపం రావాలి కదా. రాలేదు. ముందే ఎందుకు చూడలేదని నా మీదే వచ్చింది.

జోగారావు గారు ఆరు రోజుల్లో వస్తారు. ఆయన కూడా నాలాగే పదేళ్ళు కెమెరా పట్టి, ఆ తర్వాత పై అధికారి అయిన మనిషి. పెట్టెకి నీడ తెలియదు. ఆయనకి తెలుస్తుంది. నేనే రాసి, నేనే పిలిపించుకున్నాను, నా మెప్పు మాట కోసం.

నవంబరు 24, ఆదివారం

బావ వచ్చాడు. ఫొటో ఇచ్చాను. తీసుకుని చొక్కాలో పెట్టుకున్నాడు. "వొంట్లో బాగోలేదేటి, కళ్ళలాగున్నాయి?" అని అడిగాడు. ఉప్పు గాలి అన్నాను. చెప్పలేకపోయాను. ఎలా చెప్పను? ఆ మనిషి వారమంతా ఆ ఫొటో కోసమే బతుకుతున్నాడు.

బావ మెట్లు దిగాక పని మొదలుపెట్టాను. పంతొమ్మిది జూన్ ముఖాలూ తీసి, అద్దంలో చూసినట్టు కుడి ఎడమ చేసి, మళ్ళీ గుడ్డ మీద అచ్చు వేశాను. తిప్పితే నీడ సరైన పక్కకి వస్తుంది. మచ్చలు, పాపిళ్ళు అటువి ఇటవుతాయి. మా అప్ప ఎడం కొప్పు కుడి పక్కకి పోయింది. ఆ ముఖం మా అప్పలాగే ఉంది, కానీ నాకు పరిచయం లేని మనిషిలా ఉంది.

పదహారు వందల మీటర్ల దూరం, రెండు కన్వర్టర్ల మసక. పెట్టె ఆ తేడా పట్టుకుంటుందా? ఒకటి పెట్టి చూశాను. అరవై మూడు. గట్టెక్కుతుంది.

రాత మాటకొస్తే చాలాసేపు ఆలోచించాను. చివరికి మొదటి గుడ్డ మీద ఇలా రాశాను: "పొద్దు తిరిగింది. పాతవి తీసి ఇవి కట్టండి. గురువారం పెద్దాయన వస్తాడు." రేపు తెప్పలో పిండి బస్తా లోపల పెడతాను. నాకు తెలిసిపోయిందని వాళ్ళకి తెలుస్తుంది. భయపడి అన్నీ పీకేస్తే నలభై ఒక్క గుంజల దగ్గర ఇరవై ఇద్దరే నిలబడతారు.

నవంబరు 28, గురువారం

జోగారావు గారు పన్నెండు గంటలకి వచ్చారు. పొట్టి మనిషి. మెట్లెక్కి ఆయాసపడుతూ, కుర్చీ ఇచ్చినా కూర్చోకుండా ముందు లెన్సు దగ్గరికే వెళ్ళారు. కన్వర్టర్లు రెండూ విప్పి చూశారు, మళ్ళీ తనే బిగించారు.

"వెనక దాంట్లో కొంచెం బూజు పట్టిందమ్మా."

"మూడేళ్ళుగా ఉందండి. రాశాను."

"రాశారు, చూశాను," అన్నారు. తల దించుకున్నారు.

నాలుగున్నరకి జెండా ఎత్తాను. ఒక్కొక్కటే తీశాను. ఆయన నా వెనక నిలబడి చూస్తున్నారు. తీసిందల్లా పెట్టెలో వేస్తూ పోయాను. 1, డెబ్బై. 2, అరవై ఆరు. 17, అరవై ఒకటి. నీడ కుడి పక్కన పడింది. కట్టారు. పంతొమ్మిదీ కట్టారు. 16, 18 బతికినవాళ్ళు, ఇద్దరి మధ్య మా అప్ప.

ఆయన బల్ల మీద ఫొటోలు పరిచి భూతద్దం తీసుకున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడిపోయాను. ఒక్కో ఫొటో దగ్గర ఆగారు. తర్వాత భూతద్దం దించి అడిగారు.

"నా తమ్ముడు ఉత్తరాన రెండో దిబ్బ మీద ఉన్నాడమ్మా. తొమ్మిదో నంబరు. రెండు వారాలుగా మార్కులు రావడం లేదు. వచ్చే వారం కూడా తప్పితే... మీ పద్ధతి నేర్పిస్తే అక్కడ ఫొటోలు తీసే పిల్లకి వస్తుందంటారా? వాడు కుదురుగా నిలబడగలడంటారా?"

ఆ కళ్ళలోకి చూడలేకపోయాను. చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఒకటే పద్ధతి.

"గుడ్డ మీద ముఖం అచ్చు వేసి పంపమనండి," అన్నాను. "ఉన్నంత సైజులో. మిగతాది వాళ్ళే చూసుకుంటారు."

ఆయన చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. "ఉన్నంత సైజులో" అని పైకే అనుకుంటూ రాసుకున్నారు. మెట్ల దాకా వెళ్ళి నాకు దణ్ణం పెట్టారు. ఆయనకి తెలిసి పెట్టారో తెలియక పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

డిసెంబరు 1, ఆదివారం

బావ వచ్చేదాకా ఆగలేదు. నేనే దిగి శాలకి వెళ్ళాను. బావ కొత్త తెప్పకి దూలం చెక్కుతున్నాడు. మొన్నటి ఫొటో చేతిలో పెట్టి, ఇక ఎలాగైనా చెప్పేద్దామని నోరు తెరిచాను. బావ ఫొటో చూసి, కొప్పు మీద వేలు పెట్టాడు.

"తిప్పీసినావా? పొద్దు తిరిగిందని?"

"నీకు తెలుసా బావా? ఎప్పటినుంచి?"

"ఆగస్టులో నువ్వు పరిగెత్తుకొచ్చినావు సూడు, ఆ రోజునుంచీ. ఇరవై ఆరేళ్ళు దానితోటి ఒక్క మంచం మీద తొంగున్నాను రత్తం. నిద్దట్లో కూడా కదలకుండా ఉన్న మనిసి కాదది. ఫొటో సూడగానే తెలిసిపోనాది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా సెప్తాను? నువ్వు నవ్వుకుంటా వొచ్చినావు."

"ప్రతి ఆదివారం వచ్చి ఫొటో పట్టుకెళ్ళేవాడివి కదా!"

"రాకపోతే నీకు తెలిసిపోద్ది కదేటి."

ఇద్దరం ఆ చెక్కపొట్టులో కూర్చుని ఏడ్చాం. దిబ్బ మీద మిగిలింది ఇరవై రెండుమందేనని చెప్పాను. మూడు నెలలు ఆ మనిషి నా కోసం ఆ మెట్లెక్కాడు. వారం రోజులు నేను ఆ మనిషి కోసం అబద్ధమాడాను. మా ఇద్దరికీ కలిపి ఉన్నది మా అప్ప ఒక్కతే.

కాసేపటికి బావ ముఖం కడుక్కుని వచ్చి అడిగాడు.

"ఇరవై రెండుమంది అన్నావు. అందులో గుంజ పీకి పాతగలిగినోళ్ళు ఎంతమంది?"

"ఏమో. ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్ళంతా నీరసించి ఉన్నారు."

"సముద్రం మళ్ళీ కొరికేస్తే అన్ని గుంజలూ ఆళ్ళెలా ఎనక్కి పాతుతారు? నానెల్తాను. ఎల్లీవోణ్ణి ఎవుడూ ఆపడు కదా."

వెళ్ళేవాణ్ణి ఎవరూ ఆపరు. ఒక కాగితం మీద వేలిముద్ర వేస్తే చాలు, కొత్త నంబరు ఇచ్చి తెప్ప ఎక్కిస్తారు. తిరిగి రావడమే లేదు. అదే చెప్పాను. అరిచాను. నువ్వూ పోతే నాకెవరున్నారని అడిగాను.

"అది ఏ పక్క తొంగుందో సూడాల రత్తం," అన్నాడు. "ఇసకలో ఎలా పెట్టీసినారో ఏటో."

డిసెంబరు 16, సోమవారం

పొద్దున తొమ్మిదికి తెప్ప వెళ్ళింది. బియ్యం ఎనిమిది బస్తాలు, పిండి నాలుగు, నీళ్ళ పీపాలు, ఎల్లాజీ బావ, బావ బాడిస, ఉలులు, తాళ్ళు. తీసుకెళ్ళిన బట్టలు ఒక చిన్న మూట. మా అప్ప ఫొటోలు ఒక్కటీ పట్టుకెళ్ళలేదు. అన్నీ నాకిచ్చేశాడు. తాడు తిప్పే చక్రం దగ్గర నేనే నిలబడ్డాను. ఇంకొకరి చేత తిప్పించడం ఇష్టం లేకపోయింది. పదహారు వందల మీటర్లకి యాభై నిమిషాలు పట్టింది. అవతల నీళ్ళలోకి ఎవరో దిగి తెప్ప పట్టుకున్నారు. చుక్కలు రెండు ఒకచోట కలిసి ఆగిపోయాయి. తర్వాత ఖాళీ తెప్ప వెనక్కి లాగాను.

డిసెంబరు 19, గురువారం

దూరం పదహారు వందల నలభై. కన్వర్టర్లు రెండూ. గాలి మామూలు.

వరసలో గుంజలు నలభై రెండు. అన్నీ నిటారుగా ఉన్నాయి. ఇదివరకు వంగి ఉన్నవి కూడా సరిచేసి ఉన్నాయి.

జెండా ఎత్తాను. 17, అరవై నాలుగు. మిగతావి కూడా గట్టెక్కాయి. చివర 42 దగ్గర బావ నిలబడ్డాడు. కెమెరా తెరిచాను. రెండు సెకన్లు. మూశాను. పెట్టెలో వేశాను.

ఇరవై తొమ్మిది. ముఖం పూర్తిగా చెదిరిపోయింది. భుజాలు కూడా చెదిరాయి. మళ్ళీ తెరిచాను, మళ్ళీ అంతే. మూడోసారి కూడా అంతే. గాలి వల్ల కాదు.

చూసి వచ్చాడన్నమాట, అది ఏ పక్క పడుకుందో.

ఆఫీసు పుస్తకంలో "42: గుర్తు పట్టలేదు, మొదటి వారం" అని రాశాను. ఇంకా రెండు గురువారాలున్నాయి. ఆ లోపల బావ ఏడుపు ఆపుకోవాలి.